అనంతపురంలో పాత సామాను ఖాళీ చేసే పనిని వ్యాపారంగా పెట్టుకోవచ్చునా?

ప్రశ్న
అడిగినవారు: వంక పక్కింటివాడు, అనంతపురం

అందరికీ నమస్కారం. నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ చదివాక బెంగళూరులో రెండేళ్లపాటు ఒక గిడ్డంగిలో సరుకు లెక్కలు చూశాను. నాన్నకు ఒంట్లో బాగుండక పోయిన సంక్రాంతికి అనంతపురం వచ్చేశాను. ఇక తిరిగి వెళ్లే ఆలోచన లేదు. ఇక్కడే సొంతంగా ఏదైనా చేసుకొని నిలబడాలని ఉంది. ఏమి చేయాలన్నది మాత్రం మా తాతగారి ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు తోచింది.

పాతూరులోని ఆ మట్టి మిద్దెను పడగొట్టి కొత్తది కట్టాలని పెదనాన్న, నాన్న నిర్ణయించారు. అందులో నలభై ఏళ్ల సామాను ఉంది. పాత సామాను కొనే అతన్ని పిలిస్తే ఇనుప మంచం, ఇత్తడి బిందెలు, పాత మోటరు, కాగితాలు తూకం వేసి, డబ్బిచ్చి తీసుకువెళ్లాడు. చిరిగిన సోఫా, పత్తి పరుపులు, చెదలు పట్టిన చెక్క అలమర, పగిలిన నీళ్ల తొట్టి, పాతకాలపు డబ్బా టీవీ, ముక్కలైన సిమెంటు రేకులు ఎందుకూ పనికిరావని వదిలేశాడు. నగరపాలక సంస్థ చెత్త బండివారిని అడిగితే, రోజువారీ ఇంటి చెత్త తప్ప ఇటువంటివి ఎక్కించుకోలేమన్నారు. తొమ్మిది రోజులు అవన్నీ వీధిలోనే ఉండిపోయాయి. చివరికి ఒక ట్రాక్టరును మాట్లాడి పంపించాము. వారం తరువాత నడిమివంక వాగు గట్టు మీదుగా వస్తుంటే, మా అవ్వ పడుకున్న పరుపు, ఆ సోఫా వంకలో పడి కనిపించాయి. 2022 అక్టోబరులో ఆ వంక పొంగి కాలనీలను ముంచినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. అటువంటిది, డబ్బిచ్చి మరీ మా సామానును మేమే వంకకు అడ్డం వేయించుకున్నామే అన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఇతర దేశాలలో దీనినే ఒక వ్యాపారంగా నడుపుతారని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. కెనడాలోని వాంకూవర్ నగరంలో 1989లో బ్రయాన్ స్కుడమోర్ అనే యువకుడు 700 డాలర్లకు ఒక పాత పికప్ బండి కొని ఈ పని మొదలుపెట్టాడు. అదే తరువాత ఎన్నో నగరాలలో శాఖలున్న పెద్ద సంస్థ అయింది. ఇద్దరు మనుషులు బండితో వచ్చి, ఇంటివారు చూపించినదంతా మోసుకుపోతారు, బండిలో సామాను ఎంత చోటు ఆక్రమిస్తే అంత రుసుము తీసుకుంటారు.

నా దగ్గర దాచుకున్నది 1,80,000 రూపాయలు ఉంది. దానితో పాత టాటా ఏస్ బండి ఒకటి కొని మొదలుపెట్టడం మంచిదా, లేక బండిని అద్దెకు తీసుకోవాలా అన్నది నా మొదటి సందేహం. అంతకన్నా పెద్ద సందేహం, మన ఊరివారు పాత సామాను తీసుకుపోయినందుకు డబ్బు ఇస్తారా అన్నది. అనుమతులు ఏమేమి కావాలో, తీసుకున్న సామానును ఎక్కడికి చేర్చాలో కూడా తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. మళ్లీ ఆ వంకలోనే వేసే పని అయితే నాకు ఈ వ్యాపారం అవసరం లేదు.

మొదటి సమాధానం
రాసినవారు: కాటా అంగడి, కడప

తమ్ముడూ, మాది కడపలో పాత ఇనుము, కాగితాల అంగడి. నాన్న పెట్టినది, ఇరవై రెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. మీ ప్రశ్నలో చివరి వాక్యం చదివాక, తీరిక చేసుకొని వివరంగా రాయాలనిపించింది.

మీరు చదివిన కెనడా పద్ధతికీ మన ఊళ్లకూ మధ్య ఉన్న ముఖ్యమైన తేడాను ముందు మనసులో పెట్టుకోండి. అక్కడ పాత సామాను ఇంటివారికి భారం, దానిని వదిలించుకోవడానికి వారు డబ్బు ఇస్తారు. ఇక్కడ పాత దినపత్రికకు కూడా ధర ఉంది. మన ఇళ్లలో పాత సామాను అంటే ఎంతో కొంత చేతికి వచ్చేదే తప్ప చేతి నుంచి పోయేది కాదు. అందువల్ల మీరు వెళ్లి, మీ సామాను తీసుకుపోతాను, రెండు వేలు ఇవ్వండి అంటే, ఎదురు డబ్బులా అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యానికి మీరు నొచ్చుకోవలసిన పని లేదు, సమాధానం మాత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. నేను చెప్పే ఉపాయం ఒకటే: రెండు లెక్కలను ఎప్పుడూ కలపవద్దు. కాటాకు వచ్చే సామానును ఇంటివారి ఎదుటే తూకం వేసి, ఆ రోజు ధర చెప్పి, ఆ మొత్తాన్ని కాగితం మీద ఒక వైపు రాయండి. ధర లేని సామానును దించి, మోసి, తగిన చోటికి చేర్చే కూలిని రెండో వైపు రాయండి. రెండింటి తేడా ఎంతో వారికే కనిపిస్తుంది. ఇనుమును ఉచితంగా తీసుకొని, దానికి బదులుగా సోఫాను కూడా ఉచితంగా మోస్తానని చెప్పడం మొదట్లో సులువుగా ఉంటుంది. కానీ ఇంటివారికి తమ ఇనుము ఎంత పలికిందో తెలియదు, మీకు మీ కష్టం ఎంత విలువ చేసిందో తెలియదు. నమ్మకం అక్కడే చెడుతుంది.

మీరు అమ్మేది ఖాళీ అయిన గది. ఇది మీకు వట్టి మాటగా వినిపించవచ్చు, కానీ ధర నిర్ణయించేటప్పుడు దీనినే పట్టుకోవాలి. ఇల్లు పడగొట్టేవారికి మేస్త్రీ వచ్చే తేదీ ఉంటుంది, అద్దె ఇల్లు మారేవారికి నెలాఖరు గడువు ఉంటుంది, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి తల్లిదండ్రుల ఇల్లు అమ్మేవారికి సెలవు నాలుగు రోజులే ఉంటుంది. ఈ మూడు రకాలవారూ డబ్బు ఇస్తారు. తీరికగా ఉన్నవారు ఇవ్వరు, వారి వెంట పడి సమయం పోగొట్టుకోవద్దు.

ఇక సామాను ఎక్కడికి చేరాలన్నది అసలు విషయం. బండి గురించి ఆలోచించే ముందు ఒక నోటుపుస్తకం తీసుకొని, మీ తాతగారి ఇంట్లో మిగిలిపోయిన వస్తువులలో ఒక్కొక్కదానికీ ఒక పేజీ కేటాయించండి. ఆ వస్తువును తీసుకునే మనిషి మీ ఊళ్లో ఎక్కడ ఉన్నాడో నడిచి వెళ్లి కనుక్కొని ఆ పేజీలో రాయండి. దీనికి మీకు నెల రోజులు పట్టినా నష్టం లేదు. పత్తి పరుపు పనికిరానిది కాదు. దూదేకే యంత్రం ఉన్నవారు పాత దూదిని మళ్లీ ఏకి పరుపులు, దిండ్లు కుడతారు. తడవని, పురుగు పట్టని పరుపును వారు తీసుకుంటారు. సోఫాను విప్పితే చట్రం చెక్క, లోపలి స్ప్రింగులు, మేకులు వేరవుతాయి. చెక్కను వంటచెరకుగా తీసుకునేవారు ఉంటారు, స్ప్రింగులు మా కాటాకు వస్తాయి. మిగిలేది నురగ, రెక్సిన్. ఒక సోఫా విప్పడానికి చేయి తిరిగిన మనిషికి అరగంట చాలు, బండిలో అది ఆక్రమించే చోటు మూడింట ఒక వంతుకు తగ్గిపోతుంది. పాత మిద్దెల టేకు దూలాలు, ద్వారబంధాలు, గడపలు ఎన్నడూ వంటచెరకు లెక్కలో వేయకండి. వాటిని వెతుక్కుంటూ వచ్చేవారు ఉన్నారు. రోళ్లు, తిరగళ్లు, కప్పు మీది కడప బండలు కూడా అంతే. పగిలిన నీళ్ల తొట్టి గట్టి ప్లాస్టిక్కు, ముక్కలు చేసి ఇస్తే మేము సంతోషంగా తూకం వేస్తాము. అట్టపెట్టెలను వానలో తడపకండి, తడిసిన అట్టకు తూకం తీసివేసి లెక్క కడతారు.

సిమెంటు రేకుల విషయంలో జాగ్రత్త. పాత రేకులలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. వాటిని పగలగొట్టినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, ఏళ్ల తరువాత ప్రాణం మీదికి తెస్తుంది. నీళ్లు చల్లి, వీలైనంత వరకు రేకును పగలకుండా దించి, దుమ్ము ఆపగల మాస్కు కట్టుకొని ఎక్కించాలి. గుడ్డ చుట్టుకుంటే చాలదు. ఫ్రిజ్ గొట్టాన్ని కోసి గ్యాసును గాలిలోకి వదిలేసి కంప్రెసరు ఊడదీసేవారిని మీరు చూసి ఉంటారు, ఆ పని మీరు చేయవద్దు. రాగి కోసం తీగలను కాల్చవద్దు, కాల్చిన రాగిని తెచ్చేవారిని ప్రోత్సహించవద్దు. ప్లాస్టిక్కు తొడుగు కాలేటప్పుడు వచ్చే పొగ విషం, పైగా మసి పట్టిన రాగికి ధర కూడా తక్కువే.

రాగి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మన అనంతపురం, కడప పల్లెలలో బోరు మోటర్ల కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ల రాగి దొంగతనం జరగని ఊరు అరుదు. పంట చేతికి వచ్చే వేళ కేబులు పోగొట్టుకున్న రైతు దుఃఖం నాకు తెలుసు, మా పెదనాన్నది కూడా బోరు కింది సేద్యమే. దొంగసొత్తు అని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండీ కొనడం నేరం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను దీని గురించే. మీరు ఇళ్ల నుంచి తెచ్చే ప్రతి సరుకుకూ ఇంటివారి పేరు, ఫోను నంబరు, తేదీ, సంతకం, ఎక్కించే ముందు తీసిన ఫొటో ఉండాలి. రోడ్డు మీద ఎవరో తెచ్చి అమ్మబోయిన కేబులును ఎంత తక్కువ ధరకైనా ముట్టుకోవద్దు.

బండి ఇప్పుడే కొనకండి. కనీసం ముప్పై ఇళ్లు అద్దె బండితో చేశాకే ఆ ఆలోచన చేయండి. టాటా ఏస్ వెనుక తొట్టి పొడవు సుమారు ఏడడుగులు, వెడల్పు అయిదడుగులకు కొంచెం తక్కువ. నాలుగడుగుల ఎత్తు వరకు పేర్చి తాళ్లు బిగిస్తే దాదాపు నూట నలభై ఘనపు అడుగుల సామాను పడుతుంది. బరువు మాత్రం ముప్పాతిక టన్నుకు మించకూడదు. సోఫాలు, పరుపులతో చోటు ముందు నిండుతుంది, ఇనుము, మట్టి, ఇటుకలతో బరువు ముందు నిండుతుంది. కాబట్టి పావు బండి, అర బండి, నిండు బండి అనే ధరలు సామానుకే పెట్టుకోండి, ఇటుక, మట్టి శిథిలాలకు వేరే లెక్క పెట్టుకోండి. శిథిలాలను ఇంటి సామానుతో కలపవద్దు. పల్లపు స్థలాన్ని పూడ్చుకునేవారికి ప్లాస్టిక్కు కలవని శిథిలాలు కావాలి, అయితే స్థలం యజమాని సంతకం మీ చేతిలో ఉన్నాకే అక్కడ దించాలి.

రెండో సమాధానం
రాసినవారు: విశ్రాంత ఉపాధ్యాయురాలు, సాయినగర్, అనంతపురం

నాయనా, వ్యాపారం సంగతులు నాకు తెలియవు. ఇల్లు ఖాళీ చేయించుకున్నదానిని కాబట్టి ఇంటివారి వైపు నుంచి రెండు మాటలు రాస్తున్నాను.

మావారు పోయిన తరువాత మేడ మీది గదిని ఖాళీ చేయించాను. వచ్చిన ఇద్దరూ మంచి పిల్లలే, కానీ వారికి తొందర ఎక్కువ. నేను కిందికి వెళ్లి కాఫీ కలిపి తెచ్చేలోగా ఒక ట్రంకు పెట్టెను మూతతో సహా బండిలోకి ఎక్కించేశారు. అందులో ఆయన సర్వీసు రిజిస్టరు నకళ్లు, పొలం పట్టాదారు పాసుపుస్తకం, మా పెళ్లి ఫొటోలు ఉన్నాయి. బండి వీధి మలుపు తిరగకముందే నాకు గుర్తుకు రావడం నా అదృష్టం. పాసుపుస్తకం పోతే నకలు కోసం కార్యాలయాల చుట్టూ తిరగవచ్చు, ఆ ఫొటోలకు నకలు లేదు.

అందువల్ల మీరు పని మొదలుపెట్టేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. ప్రతి పెట్టెను, ప్రతి సొరుగును, ప్రతి పరుపును, పాత చీరల మూటను కూడా ఇంటివారి ముందు విప్పి చూపించాకే ఎక్కించండి. మా తరంవారు డబ్బును, నగలను బియ్యం డబ్బాలోను, దిండు గలేబులోను దాచినవారు. దొరికిన కాగితాన్ని ఏదైనా సరే, అది పాత కరెంటు బిల్లే అయినా, ఒక సంచిలో వేసి చేతికి ఇచ్చి వెళ్లండి. పాత కంప్యూటరో ఫోనో ఉంటే అందులోని ఫొటోలు, బ్యాంకు వివరాలు తీసుకున్నారా అని అడగండి. ఇంకొకటి, మాలాంటి పెద్దవారు ఏదైనా వస్తువును పట్టుకొని పది నిమిషాలు నిలబడిపోతే విసుక్కోవద్దు. ఆ పది నిమిషాలకు కూడా కలిపి రుసుము చెప్పండి, ఇస్తాము. ఒంటరిగా ఉండే స్త్రీల ఇళ్లకు వచ్చే ముందు మీ పేరు, ఫొటో, వచ్చే పనివారి పేర్లు ఫోనుకు పంపితే ఎంతో ధైర్యంగా ఉంటుంది. నేనైతే ధర కంటే దానినే ముందు చూస్తాను.

మూడో సమాధానం
రాసినవారు: బండివాని కొడుకు, గుంతకల్లు

మా నాన్న ముప్పై ఏళ్లు తోపుడు బండి మీద పాత సామాను కొని మమ్మల్ని చదివించాడు. ఈ ప్రశ్న చదవగానే నాకు మొదట భయమే కలిగింది. చదువుకున్నవారు బండి, ఫోను, రంగుల కరపత్రాలతో వీధిలోకి దిగితే, మా నాన్న వంటివారికి మిగిలే ఇనుము, ఇత్తడి కూడా పోతాయి. వారి బతుకు ఆ కొద్దిపాటి లాభం మీదే నిలబడి ఉంది.

అయితే మీరు వారికి పోటీగా నిలబడవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. ఏ వీధిలో ఏ ఇల్లు పడగొడుతున్నారో, ఎవరు ఇల్లు మారుతున్నారో అందరికంటే ముందు తెలిసేది తోపుడు బండివారికే. వారు మోయలేనివి, వారికి ధర రానివి మీరు తీసుకోండి. మీకు పని చూపించినందుకు వారికి ఇంత అని ఇవ్వండి, ఆ ఇంటి ఇనుమును, కాగితాన్ని వారినే కొననివ్వండి. మీకు కావలసిన కూలీలు కూడా వారిలోనే దొరుకుతారు. ఏ వస్తువులో ఏమి దాగి ఉందో, దేనిని ఎటు పట్టి విప్పాలో వారికి తెలిసినంతగా అడ్డా మీద దొరికే కొత్తవారికి తెలియదు.

పెరట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న కట్టెలు, రాళ్లు, రేకుల కింద చేయి పెట్టేముందు కర్రతో కదిలించి చూడండి. మా నాన్నకు రెండుసార్లు తేలు కుట్టింది, ఒకసారి రేకు కింద కట్లపాము కనిపించింది. చేతి తొడుగులు, మందపాటి అడుగున్న బూట్లు లేకుండా ఎవరినీ పనిలోకి దింపవద్దు. ధనుర్వాతం సూదిని అందరికీ వేయించండి.

నాలుగో సమాధానం
రాసినవారు: జమాఖర్చు, కర్నూలు

నేను కర్నూలులో చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తాను. అనుమతుల గురించి అడిగారు కనుక నాకు ఖాయంగా తెలిసినంత వరకు చెబుతాను.

మొదట చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు చేసుకోండి. 2020 జులై 1 నుంచి ఉన్న ఈ పద్ధతిలో ఆధార్‌తో మీరే ఫోనులో నమోదు చేసుకోవచ్చు, దీనికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు. ఆ పత్రంతో వ్యాపారం పేరిట బ్యాంకులో కరెంటు ఖాతా తెరవండి. సామాను దించుకోవడానికి షెడ్డు లాంటిది తీసుకుంటే నగరపాలక సంస్థ నుంచి ట్రేడు లైసెన్సు కూడా కావాలి. అది ఇళ్ల మధ్య కాకుండా చూసుకోండి, కాగితం, చెక్క, ప్లాస్టిక్కు ఒకే చోట ఉన్నప్పుడు అగ్గిపుల్ల చాలు.

జీఎస్టీ విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. వస్తువులు మాత్రమే అమ్మేవారికి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల రూపాయల అమ్మకం వరకు నమోదు అవసరం లేదు. సేవలు అందించేవారికి ఆ హద్దు 20 లక్షలు. మీరు గది ఖాళీ చేసి రుసుము తీసుకుంటారు, అది సేవ. తుక్కు అమ్ముతారు, అది వస్తువు. రెండూ చేస్తారు కనుక 20 లక్షల హద్దునే మీది అనుకోండి, రెండు ఆదాయాలనూ కలిపి లెక్కించుకోండి. 2024 అక్టోబరు 10 నుంచి లోహపు తుక్కు విషయంలో ఒక మార్పు వచ్చింది. నమోదు లేనివారి దగ్గర నమోదు ఉన్న వ్యాపారి లోహపు తుక్కు కొంటే, దాని మీది 18 శాతం పన్నును ఆ కొనుగోలుదారే రివర్స్ చార్జి పద్ధతిలో కట్టాలి. కాబట్టి మీరు సరుకు వేసే పెద్ద అంగడివారితో ఈ సంగతి ముందుగానే మాట్లాడి, వారు చెప్పే ధర దీనిని లెక్కలోకి తీసుకున్నాక చెప్పినదో కాదో తేల్చుకోండి.

బండి విషయానికి వస్తే, అద్దెకు తీసుకున్నా కొన్నా పసుపు నంబరు పలక ఉన్న సరుకు రవాణా బండే కావాలి. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అవసరం లేదు. టాటా ఏస్ ఆ హద్దులోనే ఉంటుంది. 7,500 కిలోల లోపు రవాణా బండ్లను మామూలు తేలికపాటి వాహనం లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పాత బండి కొనేటప్పుడు ఫిట్‌నెస్ పత్రం తేదీని తప్పక చూడండి. ఎనిమిదేళ్ల వయసు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, అంతకు లోపు వయసున్నదానికి రెండేళ్లకొకసారి చాలు. సామాను మీద పనివారిని కూర్చోబెట్టుకొని రావడం మన ఊళ్లలో రోజూ కనిపిస్తుంది. మీ బండి మీద మాత్రం ఒక్కరోజు కూడా దానిని అనుమతించకండి.

పనిలో గాయపడిన కూలీకి పరిహారం ఇవ్వవలసిన బాధ్యత చట్టం ప్రకారం యజమాని మీద ఉంటుంది. ప్రతి ఒక్కరికీ వారి బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా వస్తుంది. దీనితో మీ బాధ్యత తీరిపోదు, కానీ ఆ కుటుంబానికి ఒక ఆసరా ఉంటుంది.

అప్పు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో సేవారంగానికి 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. పట్టణంలో సాధారణ వర్గాలవారికి 15 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలవారికి, మహిళలకు 25 శాతం రాయితీ ఉంటుంది. ఈ పథకంలో మొదటి రుణం కొత్తగా పెట్టే సంస్థలకే వర్తిస్తుంది, అప్పటికే నడుస్తున్న వ్యాపారానికి రాదు. ఉద్యమ్ నమోదు చేసి, ఏడాది నడిపి, ఆ తరువాత దరఖాస్తు పెట్టి తిరస్కరణకు గురైనవారిని నేను చూశాను. మీకు ఆ ఆలోచన ఉంటే పని మొదలుపెట్టకముందే దరఖాస్తు చేయండి. లేదంటే ముద్రా రుణం ఉంది. 50,000 వరకు శిశు, అయిదు లక్షల వరకు కిశోర్ అంటారు. పాత బండికి కిశోర్ సరిపోతుంది.

డబ్బా టీవీలు, కంప్యూటర్లు, ఫోన్లు 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. వాటిని నమోదైన రీసైక్లింగు సంస్థలకే చేర్చాలి, మీ షెడ్డులో విప్పకూడదు. డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది, ట్యూబులైటులో పాదరసం ఉంటుంది. బ్యాటరీలకు 2022లోనే వేరే నియమాలు వచ్చాయి. ఇన్వర్టరు బ్యాటరీని కొత్తది అమ్మే డీలరే మార్పిడి కింద తీసుకుంటాడు, ఆ దారి మీకు సులువు. ఇక మిగిలిన చెత్తను రాత్రివేళ తగలబెడదామన్న సలహా ఎవరో ఒకరు మీకు తప్పక ఇస్తారు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరు 22న దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాల్చితే 5,000, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు పరిహారంగా కట్టాలి.

ప్రశ్న అడిగినవారి మాట
వంక పక్కింటివాడు, అనంతపురం

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. బండి కొనే ఆలోచనను వాయిదా వేసుకున్నాను. కడప అన్న చెప్పినట్లు నోటుపుస్తకం పెట్టి నాలుగు రోజులుగా తిరుగుతున్నాను. పరుపుల దూది తీసుకునేవారు ఇద్దరు దొరికారు. పాత తలుపులు, ద్వారబంధాలు కొనే అడితి ఒకటి దొరికింది. నురగ, రెక్సిన్, చిరిగిన ప్లాస్టిక్కు సంచుల పేజీలు మాత్రం ఇంకా ఖాళీగానే ఉన్నాయి. గుంతకల్లు సోదరుడికి ఒక్క మాట: మా వీధికి వచ్చే బండి తాతను నిన్న కూర్చోబెట్టి మాట్లాడాను. మా తాతగారి ఇంటి ఇత్తడి కొన్నది ఆయనే. నాకు పని చూపిస్తానని, సోఫాలు విప్పడం నేర్పిస్తానని ఒప్పుకున్నాడు. టీచరమ్మగారు చెప్పిన సంచి నియమాన్ని నా పుస్తకం మొదటి పేజీలోనే రాసుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. రోజుకు ఎంత పని ఉంటే గిట్టుబాటు అవుతుంది? ఖాళీగా ఉన్న ఆ పేజీల సామానును చివరికి ఏమి చేయాలి?

జవాబు
కాటా అంగడి, కడప

తమ్ముడూ, మీ ఊరి ధరలు మీరే కనుక్కోవాలి, లెక్క కట్టే తీరు కోసం కొన్ని అంకెలు అనుకుందాము. డ్రైవరుతో కలిపి బండి అద్దె రోజుకు 1,800, ఇద్దరు మనుషుల కూలి 1,600, తాళ్లు, సంచులు, టీ ఖర్చు 100 అనుకుంటే, ఇంటి నుంచి బయలుదేరేసరికే 3,500 ఖర్చు మీ నెత్తిన ఉంటుంది. అర బండి సామానుకు 1,800 చొప్పున రెండు ఇళ్లు చేస్తే 3,600 వస్తుంది. రెండు ఇళ్ల తుక్కు మీద 700 మిగిలిందనుకోండి, మొత్తం 4,300. మిగులు చెత్తను చేర్చడానికి ఇంటికి 150 పోతే మీ చేతిలో నిలిచేది 500. అదే రోజు ఒక్క ఇల్లే దొరికితే 2,150 వచ్చి, 3,650 పోతుంది, 1,500 నష్టం. కాబట్టి ఒకే ఇల్లు ఉన్న రోజున బండిని పూటకు మాత్రమే మాట్లాడుకోండి, లేదా ఆ ఇంటివారిని ఒకటి రెండు రోజులు ఆగమని అడిగి, అదే పేటలో మరో ఇంటిని కలుపుకోండి. మూడో ఇల్లు కలిసిన రోజున కూలి, అద్దె పెరగవు కనుక లాభం ఒక్కసారిగా పెరుగుతుంది. ఉగాదికి ముందు సున్నాలు వేసే రోజులలోను, బడులు తెరిచే ముందు ఇళ్లు మారే మే నెలలోను మీకు మూడు ఇళ్లు దొరుకుతాయి. ఆషాఢంలో, శూన్యమాసాలలో ఇళ్లు మారేవారు తక్కువ, ఆ నెలల కోసం చేతిలో రెండు నెలల ఖర్చు ఉంచుకోండి. మీ 1,80,000లో మూడో వంతును దీనికి విడిగా పెట్టమని నా సలహా.

ఖాళీ పేజీల గురించి. నురగను తడవకుండా, మట్టి అంటకుండా వేరుగా మూట కట్టి ఉంచండి. దిండ్లలో నింపేవారు శుభ్రమైన నురగ ముక్కలు తీసుకుంటారు, మరకలు పడినదాన్ని తీసుకోరు. రెక్సిన్‌ను, చిరిగిన సంచులను కొనేవారు నాకూ దొరకలేదు. ఈ మిగులు కోసమే నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోండి. నెలకు ఇన్ని బండ్ల మిగులు వస్తుంది, రుసుము కట్టి మీ యార్డులో దించుకోవడానికి అనుమతి ఇవ్వండి అని అడగండి. జవాబు ఆలస్యమైతే మళ్లీ వెళ్లండి, దరఖాస్తు అందినట్లు ముద్ర వేసిన నకలును దగ్గర ఉంచుకోండి. అనుమతి వచ్చేవరకు రెక్సిన్ సోఫాలు ఉన్న పనిని ఒప్పుకోకండి. ఆ ఇంటివారికి కారణం చెప్పండి, మీ అవ్వగారి పరుపు సంగతి కూడా చెప్పండి. అనుమతి కాగితం చేతికి వచ్చిన రోజున వారికే మొదట ఫోను చేయండి.